పదహారు వందల నలభై ఆరు సంతలు

మా ఊరు అజీకోపేలో అగ్బెకోని అసలు పేరుతో పిలిచేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. మిగతా ఊరందరికీ ఆయన ‘మూడోవంతు తాత’. అటు సముద్రం ఒడ్డున అలివి వల లాగేచోటికి వెళ్ళినా, ఇటు ఉప్పుకయ్య గట్టుకి వెళ్ళినా ఎవడో ఒకడు తగులుకుంటాడు. “ఏం తాతా, ఇవాళ సూర్యుడు మొత్తం వచ్చాడా, ఓ మూడోవంతు అమెరికాలో వదిలేసి వచ్చాడా?” అంటాడు. ఆయన నవ్వేసి ఊరుకుంటాడు. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారు. అరవై ఆరేళ్ళ మనిషి అంతకంటే ఏం చేయగలడు?

ఈ మనిషి ఒకప్పుడు నోరు తెరిస్తే ఊరు ఊరంతా చెప్పులు విడిచి నిలబడేది. మాటవరసకి అనడం లేదు. అగ్బెకో మా ఊరి చాటింపువాడు. ముప్ఫై ఏళ్ళ పైన ఆ పని చేశాడు, ఆయనకి ముందు వాళ్ళ నాన్న చేశాడు. ఆ జంట ఇనుప గంట మీద మూడు దెబ్బలు పడ్డాయంటే ఎంతటివాడైనా చెప్పులు విడవాలి, ఊరి పెద్దదొర తోగ్బుయి కుర్చీ ఎటు ఉంటే అటు తిరగాలి, చూపు ఆ కుర్చీ వైపే నిలపాలి. చాటింపు అయిపోయిందని ఆఖరి ఒంటి దెబ్బ పడేదాకా వెనక్కి తిరగడానికి వీల్లేదు. తోగ్బుయికి కూడా ఆ కట్టు తప్పదు. గంట మోగుతున్నంతసేపూ ఆయన కుర్చీలోంచి లేవకూడదు, మాట్లాడకూడదు. ఇంకో కట్టు కూడా ఉంది. గంట మీద చెప్పిన మాటని వెనక్కి తీసుకోవడం ఉండదు. మంచో చెడో, అది ఊళ్ళో ఉండిపోతుంది.

ఆయన కథంతా ఈ రెండో కట్టులోనే చిక్కుపడి ఉంది.

2006 మార్చి 29, బుధవారం. పక్కనున్న కేటా పట్నంలో సంత రోజు. పొద్దున్న తొమ్మిది దాటాక మా నెత్తిన పట్టపగలే చీకటి పడింది. రేడియోలో వారం ముందు నుంచీ ఒకటే పోరు. అట్ట కళ్ళద్దాలు పెట్టుకుని చూడండి, సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన మూడు నిమిషాలు మాత్రం తీసి చూడొచ్చు, వెలుగు తిరిగి రాగానే మళ్ళీ పెట్టుకోండి అని. అగ్బెకో అదే మాట గంట మీద చాటాడు. ఆయన కూతురు యయ్రాకి అప్పుడు ఏడేళ్ళు. చీకటి పడగానే ఆయనే వంగి పిల్ల కళ్ళద్దాలు తీశాడు. “చూడు తల్లీ, చూడు! మీ నాన్న కూడా పుట్టి బుద్ధెరిగాక ఇలాంటిది చూడలేదు” అన్నాడు. ఆ తర్వాత తనూ తలెత్తాడు. నల్లటి సూర్యుడు, చుట్టూ తెల్లటి వెలుగు జడలు, పొద్దున్నపూట చుక్కలు. ఆ మూడు నిమిషాలూ ఆయనకి కూతురున్న సంగతే గుర్తులేదు. వెలుగు తిరిగి రాగానే తన అద్దాలు తను పెట్టుకున్నాడు. యయ్రావి ఆయన గుప్పిట్లోనే నలుగుతున్నాయి.

పిల్ల చూస్తూనే ఉంది. నొప్పి లేదు, మంట లేదు. కన్ను కాలేటప్పుడు తెలియదట. మధ్యాహ్నం అన్నం దగ్గర “అమ్మా, నీ మొహం మధ్యలో నల్లగా ఉందేం?” అని అడిగింది. ఆ నలుపు ఇరవై ఏళ్ళయినా పోలేదు. ఎటు చూస్తే అటు నడుమ చీకటి, చుట్టూ అంచు మాత్రం కనపడుతుంది. మనిషిని చూడాలంటే యయ్రా మొహం పక్కకి తిప్పుకుని ఓరగా చూస్తుంది. తెలియనివాళ్ళు పొగరనుకుంటారు.

అద్దాలు ఎందుకు తీసిందీ పిల్ల అని ఊరు అడిగింది. అగ్బెకో నీళ్ళు నమిలాడు. “చిన్నపిల్ల కదా, మాట వినలేదు” అన్నాడు. అంతే. అంతకంటే ఒక్క ముక్క అనలేదు. ఆ ఒక్క ముక్కతోనే యయ్రాకి తండ్రి గంటనే లెక్కచెయ్యని పిల్ల అన్న పేరు అతుక్కుపోయింది. ఏడేళ్ళ పిల్ల తండ్రి కేసి ఓరగా చూసి ఊరుకుంది. పెరిగింది, పెళ్ళయింది, కూతురు పుట్టింది. అప్పటికీ ఊరుకునే ఉంది. తిట్టినా బాగుండేది. ఆ ఊరుకోవడమే మనిషిని లోపల్నుంచి తినేసింది.

గ్రహణాల పిచ్చి ఆయనకి పట్టింది అందుకే. కేటాలో ఎండుచేపలు చుట్టిచ్చిన పేపరు ముక్కలో ఒక సంగతి దొరికింది. ఒకసారి పట్టిన గ్రహణం ఆరువేల అయిదువందల ఎనభై అయిదు రోజులు, ఆ పైన ఇంకో మూడోవంతు రోజు గడిచాక మళ్ళీ పడుతుందట. ఈసారి ముందే తెలిస్తే ఒక్క పిల్ల కన్ను కూడా పోనివ్వను అనుకున్నాడు పాపం. లెక్క మొదలుపెట్టాడు. మాకు రోజులు సంత నుంచి సంతకి నాలుగేసి నడుస్తాయి. కొబ్బరిపీచు తాడు తీసుకుని సంతకో ముడి వేశాడు. పదహారు వందల నలభై ఆరు సంతలు, ఆ పైన ఒక్క రోజు. సరిపోయింది. మరి ఆ మూడోవంతు? దాన్ని వదిలేశాడు. సంత ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, మూడోవంతు సంత ఎక్కడైనా ఉందా? నన్నడిగినా నేనూ అదే అందును.

2024 ఏప్రిల్ 8న పొద్దున్నే గంట మోగించి ఊరిని బయటికి పిలిచాడు. బడి మూసేశారు. ఆ రోజు వల వెయ్యలేదు. తోగ్బుయి గొడుగు కింద, అలివి వలకి యజమాని ముసలి ఆమెవోర్ పెట్టె మీద, ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని, అందరూ పాత అట్ట అద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. సూర్యుడు వచ్చాడు, ఎక్కాడు, నడినెత్తికి చేరి అందర్నీ మాడ్చాడు. రవ్వంతైనా తరగలేదు. సాయంత్రం చీకటి పడ్డాక ఫోన్లలో చూశారు, అమెరికాలో పట్టపగలు చీకటైందని. అదే గ్రహణం! రోజు తప్పలేదు, ముడి తప్పలేదు. ఆ మూడోవంతు రోజులో భూమి మూడోవంతు తిరిగిపోయింది, అంతే. గ్రహణం మాట ప్రకారం వచ్చింది, దాని కింద మేము లేము.

గంట మీద ఊరిని నవ్వులపాలు చేసినందుకు ఒక పొట్టేలు, రెండు జిన్ను సారా సీసాలు తప్పు వేశారు. గంట లాక్కుని ఆయన తమ్ముడి కొడుకు సెలోమ్ నడుముకి కట్టారు. ఆ రోజు అగ్బెకోకి తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత కేటా హైస్కూల్లో అసేయే అనే టీచరమ్మ ఆయనకి ఆ మూడోవంతు సంగతి విడమరిచి చెప్పింది. ఒక కొబ్బరికాయ తీసుకుని దాని మీద సుద్దతో గుర్తు పెట్టింది.

“తాతా, ఇది భూమి. గుర్తు ఉన్నచోట మనం ఉన్నాం. పద్దెనిమిదేళ్ళ పది పదకొండు రోజులకి సూర్యుడూ చంద్రుడూ మళ్ళీ పాత వరసలోకే వస్తారు. కానీ ఈలోపు కాయ ఇంకో ఎనిమిది గంటలు తిరుగుతుంది. మన గుర్తు పక్కకి పోయింది చూశావా? ఇలా మూడుసార్లు అయితేగానీ గుర్తు మళ్ళీ ఇటు రాదు. అంటే యాభై నాలుగేళ్ళు. నువ్వు చూసిన చీకటి మళ్ళీ మన మీద పడేది 2060లో.”

“అప్పటికి నా ఎముకలు కూడా ఉండవమ్మా.”

“అంత దిగులెందుకు? గ్రహణాలకీ మనలాగే వంశాలుంటాయి. నలభై దాకా వంశాలు ఒకేసారి తిరుగుతుంటాయి. వేరే వంశంది ఒకటి మన మీదికి ముందే వస్తోంది, 2027 ఫిబ్రవరి 6న. దాని ముత్తవ్వ 1973లో ఈ సముద్రం అవతలి ఒడ్డున పట్టింది. అమ్మమ్మ ఆస్ట్రేలియా వైపు పట్టింది, తల్లి ఇండోనేషియా దీవుల్లో. మూడు తిరుగుళ్ళూ అయ్యాయి కాబట్టి మళ్ళీ మన సముద్రం దగ్గరికే వచ్చింది, కాస్త ఉత్తరానికి జరిగి.”

మా ఆన్లో జాతివాళ్ళకి వంశాలు పదిహేను. ఆకాశంలో నలభై అంటే అగ్బెకోకి వింతగా తోచలేదు. వింతగా తోచింది ఆమె తర్వాత చెప్పిన మాట.

“ఈసారి చంద్రుడు దూరంగా ఉంటాడు తాతా, చిన్నగా కనపడతాడు. సూర్యుణ్ణి మొత్తం మూయలేడు. చుట్టూ కంకణంలా నిప్పు మిగిలిపోతుంది. అందుకే అద్దాలు తీసే నిమిషం ఈసారి లేదు. ఒక్క నిమిషం కూడా లేదు.”

ఊరందరికీ తను గంట మీద చెప్పిన మాట ఒకటే గుర్తుంది కదా! మధ్యలో తీసి చూడొచ్చు అన్న మాట.

అసేయే టీచరమ్మ నిరుడు బదిలీ అయి వోల్టా నది అవతలికి వెళ్ళిపోయింది. ఈ ఏడు జనవరి ఆఖరుకి రేడియోలో మళ్ళీ పోరు మొదలైంది, శనివారం సాయంత్రం కంకణ గ్రహణం అని. ఈసారి దాన్ని నమ్మనివాళ్ళు లేరు. అద్దాలు ముఖ్యమని రేడియో అంటే పెట్టెల అడుగున ఉన్న 2006 నాటి అట్ట అద్దాలు బయటికి తీశారు. సూర్యుడు నిప్పు ఉంగరమయ్యాక మాత్రం తీసి చూడాలని ముచ్చటగా చెప్పుకుంటున్నారు. అదే శనివారం ఊళ్ళో పెద్ద చావు కూడా. ముసలి ఆమెవోర్ పోయి నెల అయింది, మా ఆచారం ప్రకారం శవాన్ని ఇన్నాళ్ళూ మార్చురీలో ఉంచారు, ఆ రోజే ఖననం, ఆ సాయంత్రమే ఆటపాటలు. నాలుగు ఊళ్ళ జనం ఒక్క వాకిట్లో ఉంటారు. దుమ్ముగాలి రోజులు, పైగా పొద్దుగూకే వేళ. సూర్యుడు కొబ్బరిచెట్ల వెనక ఎర్రటి పండులా, చూడమని పిలుస్తున్నట్టు ఉంటాడు.

అగ్బెకో తోగ్బుయి దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“మళ్ళీ సూర్యుణ్ణి పట్టుకొచ్చావా?” అన్నాడు తోగ్బుయి.

“దొరా, ఒక్క చాటింపు వేయించండి. ఈసారి మధ్యలో కూడా అద్దాలు తియ్యొద్దని. మీకు దణ్ణం పెడతాను.”

“తీసి చూడొచ్చని గంట మీద చెప్పిందెవరు?”

“నేనే. అది వేరే గ్రహణం దొరా.”

“వేరేదో మేనత్త కూతురో, నాకు తెలీదు. గంట మీద ఒక మాట ఉంది. దాన్ని కాదని ఇంకో మాట చాటిస్తే రేపు నా మాటకి మాత్రం విలువేముంటుంది? పైగా ఎవరు చెప్పారని చాటించను? నువ్వు చెప్పావనా?” పక్కనున్న పెద్దలు పకపకా నవ్వారు. “పోనీ, అద్దాలు మూడోవంతు తియ్యమని చాటిద్దామా?” అన్నాడు ఒకాయన.

చూడండి ఈ ఊరి న్యాయం. ఆయన చెప్పిన వంద మాటలు గాల్లో కలిసిపోయాయి. ఈ సూర్యుడికి పనికిరాని ఆ ఒక్క మాటని మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అక్కడి నుంచి కూతురి దగ్గరికి వెళ్ళాడు. యయ్రా పొయ్యి ముందు కూర్చుని కర్రపెండలం రవ్వ వేయిస్తోంది. రవ్వ వేగిందో లేదో ఆమెకి చూడక్కర్లేదు, చెయ్యి ఆడిస్తే తెలుస్తుంది. ఆమె కూతురు సిత్సోఫే వాకిట్లో కాళ్ళకి గజ్జెలు కట్టుకుని ఎగురుతోంది. దానికి ఏడేళ్ళు. ఆమెవోర్ దానికి నాన్న వైపు ముత్తాత. చావు ఆటలో ముందు వరస దానిదే.

“అమ్మాయీ, శనివారం పిల్లని ఇంట్లోనే ఉంచెయ్యవే.”

“ముత్తాత చావుకి ముని మనవరాలు ఆడకపోతే అత్తవారి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?” తల పక్కకి తిప్పి ఓరగా చూసింది. “అద్దాలు పెట్టి పంపిస్తాలే.”

“ఉంగరం పడ్డాక అందరూ తీసేస్తారు. అదీ తీసేస్తుంది.”

“తియ్యొద్దని చెప్తాను.”

“వింటుందా?”

యయ్రా గరిటె ఆపింది. “నా మాట ఎవరు వింటారు నాన్నా? నేను మాట వినని పిల్లని కదా.”

ఆమె గొంతులో కోపం కూడా లేదు. వానలు లేవు, ఉప్పు బాగా పేరింది అన్నట్టు అంది. అగ్బెకో నోటి దాకా వచ్చింది, నేనే తీశానే తల్లీ అని. ఆ మాట ఇద్దరికీ తెలుసు. తెలియనిది ఊరికే. ఇక్కడ పొయ్యి ముందు చెప్పుకుంటే ఎవరికి లాభం? లేచి సెలోమ్ ఇంటికి నడిచాడు.

గంట ఒక్కసారి ఇమ్మని బతిమాలాడు, వాడి కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. “గంట కాదు పెదనాన్నా, దాన్ని కొట్టే పుల్ల కూడా ముట్టనివ్వను. నన్ను ఊళ్ళోంచి తరిమేస్తారు” అన్నాడు వాడు. వాణ్ణీ ఏమీ అనలేం.

శనివారం మధ్యాహ్నానికి ఖననం అయిపోయింది. ఆమెవోర్ ఇంటికి చావు కోసం కొత్తగా సున్నం వేశారు, వాకిట్లోకి, పడమటికి చూసే గోడ తళతళలాడుతోంది. ఆ గోడకి ఆనించి తోగ్బుయి కుర్చీ వేశారు. వాకిలంతా షామియానాలు, ఎరుపూ నలుపూ బట్టల్లో జనం, డప్పులు. అగ్బెకో నాలుగు కప్పురేకులు మోసుకొచ్చి వాకిలికి పడమటి కొసన గుంజలు పాతి మనిషెత్తుకి పైన కట్టడం మొదలుపెట్టాడు. రేకుల్లో జానెడేసి దూరంలో మేకుతో బెజ్జాలు పొడిచి ఉన్నాయి.

“ఏంటి తాతా ఇది, సూర్యుడికి బోనా?” అన్నారు కుర్రాళ్ళు.

“పొద్దు వాలాక ఎండ తోగ్బుయి కళ్ళలో కొడుతుంది, తడిక కడుతున్నాను” అన్నాడు.

“తడిక్కి చిల్లులెందుకు?”

“మూడోవంతు ఎండ రావాలి కదరా” అన్నాడు ఇంకొకడు, అందరూ ఘొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వాడు. ఇంకో గుంజకి తాడు బిగించాడు.

చిల్లులెందుకో ఆయనకి తెలుసు. బెజ్జంలోంచి వచ్చే ఎండ సూర్యుడి బొమ్మనే గోడ మీద వేస్తుందని, ఆ బొమ్మని ఎంతసేపు చూసినా కంటికి హాని లేదని టీచరమ్మ చూపించింది. ఉంగరం పడే అయిదారు నిమిషాలు జనం ఆకాశం వైపు కాకుండా గోడ వైపు తిరిగితే చాలు. ఎలా తిప్పాలి? అది మాత్రం ఆయనకి తెలియలేదు. పిలిస్తే వస్తారు, చూడమంటే చూస్తారు అనుకున్నాడు.

నాలుగున్నర ప్రాంతంలో సూర్యుడి అంచు కొరికినట్టయింది. జనం అద్దాలు పెట్టుకుని చూశారు, కేకలు వేశారు, మళ్ళీ ఆటలో పడ్డారు. గోడ మీద చిన్న చిన్న కొడవళ్ళు పడ్డాయి. అగ్బెకో ఒక్కొక్కరి దగ్గరికీ పరుగెత్తాడు. “ఇటు చూడండి, గోడ మీద చూడండి, ఇక్కడే కనపడుతోంది” అన్నాడు. ఒక ముసలమ్మ చూసింది, “బాగుంది నాయనా” అంది, మళ్ళీ ఆకాశం వైపే తిరిగింది. గోడ చూడ్డానికి ఎవరొచ్చారు?

అయిదున్నర దాటింది. వెలుగు పలచబడి ఇత్తడి రంగులోకి దిగింది. కాకులు కొబ్బరిచెట్ల మీదికి చేరాయి. డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. వందల మంది పడమటికి తిరిగారు. దుమ్ములో సూర్యుడు కొబ్బరిమట్టల పైన వాలి ఉన్నాడు, సన్నటి నెలవంకలా, రెండు కొసలూ ఒకదాన్నొకటి అందుకోవడానికి పాకుతూ.

“కలుస్తున్నాయి, కలుస్తున్నాయి!” అని ఎవరో అరిచారు. “ఉంగరం పడగానే తీసెయ్యండి! మూడు నిమిషాలు తీసి చూడొచ్చు, మన గంట మాటే!”

అగ్బెకో కళ్ళు మనవరాలి కోసం వెతికాయి. సిత్సోఫే ముందు వరసలో ఉంది. గజ్జెల కాళ్ళతో మునివేళ్ళ మీద నిలబడింది. చెయ్యి అప్పుడే అట్ట అద్దాల మీదికి వెళ్ళింది. పక్కనే యయ్రా పిల్ల భుజం పట్టుకుని ఏదో చెబుతోంది. పిల్ల వినడం లేదు.

ఆ తర్వాత ఏం చేశాడో ఆయనకే తెలియదు. సెలోమ్ మీద పడ్డాడు. ఇద్దరూ ఇసుకలో దొర్లారు. అరవై ఆరేళ్ళ వాడికి అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో, నడుం తాడు తెంపి గంట లాక్కున్నాడు. పుల్ల దొరకలేదు. చేతికందిన రాయి తీసుకుని కొట్టాడు.

ఒకటి. రెండు. మూడు.

పుట్టినప్పటి నుంచీ ఎముకల్లో ఇంకిన కట్టు అది. ఎవరు కొట్టారని ఎవరూ చూడలేదు. చెప్పులు విడిచారు. కుర్చీ వైపు, గోడ వైపు, పొద్దుకి వీపు పెట్టి తిరిగారు. సిత్సోఫే కూడా తిరిగింది.

అప్పుడు తెలిసింది ఆయనకి, చెప్పడానికి తన దగ్గర ఏ చాటింపూ లేదని. తోగ్బుయి కుర్చీలోంచి ఉరిమి చూస్తున్నాడు, నోరు విప్పలేడు. గంట మాట తప్పని అనడానికి లేదు. ఏమీ చెప్పకుండా ఆఖరి దెబ్బ కొడితే అందరూ మళ్ళీ పడమటికే తిరుగుతారు. గోడ మీద కొడవళ్ళ కొసలు కలుసుకుంటున్నాయి.

“వినండి!” అన్నాడు. “ఇది తోగ్బుయి మాట కాదు. నా మాట. నేను అగ్బెకోని. మూడోవంతు తాతని. మీరు నవ్వారు, నవ్వండి, నాకేం పర్లేదు. 2006లో గంట మీద నేను చెప్పిన మాట అలాగే ఉంది, నేను కాదనడం లేదు. కానీ ఆ రోజు గంట మీద చెప్పనిది ఒకటుంది. ఇరవై ఏళ్ళుగా చెప్పనిది ఉంది. నా కూతురు అద్దాలు తియ్యలేదు.”

జనంలో ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు.

“నేను తీశాను. ఈ చేత్తో తీశాను. దానికి ఏడేళ్ళు. చూడు తల్లీ అని నేనే అన్నాను. తర్వాత ఆకాశం చూస్తూ దాన్ని మర్చిపోయాను. వెలుగొచ్చాక నా అద్దాలు నేను పెట్టుకున్నాను. దానివి నా గుప్పిట్లో ఉండిపోయాయి. మీరు అడిగితే పిల్ల మాట వినలేదని చెప్పాను. సిగ్గేసి చెప్పాను. మీరందరూ దాన్ని మాట వినని పిల్ల అన్నారు. అది నా మాటే విందర్రా! నేను చూడమన్నానని చూసింది! చూస్తూనే ఉంది!”

ఏడుస్తున్నాడు. అయినా ఆపలేదు. ఆపితే తిరుగుతారు. తాడుకి వేసిన ముడులు చెప్పుకుపోయాడు, పదహారు వందల నలభై ఆరు సంతలు, మొదటి ముడి వేసిన రోజున యయ్రా గుమ్మం తగిలి పడిందని, ఫలానా ముడి నాడు బడిలో పలక కనపడక ఇంటికొచ్చేసిందని, ఫలానా ముడి నాడు పెళ్ళిచూపులవాళ్ళు పిల్ల ఓరచూపు చూసి లేచిపోయారని. నోటికి ఏది వస్తే అది. మధ్య మధ్య రాయితో గంట మీద చిన్నగా తట్టాడు, చాటింపు ఇంకా అయిపోలేదని తెలిసేలా.

గోడ మీద ఉంగరాలు పడ్డాయి. నాలుగు రేకుల్లోంచి డెబ్భై ఎనభై ఉంగరాలు, గాజులంతేసి, తోగ్బుయి తల పైన తెల్లటి సున్నం మీద వణుకుతూ నిలబడ్డాయి. చెప్పుల్లేని జనం నోళ్ళు తెరుచుకుని వాటినే చూస్తున్నారు. సిత్సోఫే వేలెత్తి లెక్కపెడుతోంది.

యయ్రా నడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళింది. కుర్చీ వైపు నడవడానికి కట్టు అడ్డు రాదు. తోగ్బుయి పక్కనే నిలబడి చెయ్యెత్తి అరచెయ్యి గోడకి ఆనించింది. ఒక ఉంగరం ఆమె చేతి మీద పడింది. మొహం పక్కకి తిప్పి చాలాసేపు ఓరగా చూసింది. తర్వాత అందరికీ వినపడేలా అంది.

“ఇదే. నాకు మీరందరూ ఇలాగే కనపడతారు. నడుమ చీకటి, చుట్టూ ఇంత వెలుగు.”

ఉంగరాలు ఒకవైపు తెగి మళ్ళీ కొడవళ్ళయ్యాయి. అగ్బెకో గొంతు బొంగురుపోయింది, అయినా ముడులు చెబుతూనే ఉన్నాడు. కొడవళ్ళు ఎర్రబడి, మసకబడి, గోడ మీద నుంచి జారిపోయాయి. సూర్యుడు దుమ్ములో దిగిపోయాడు. ఇప్పుడు చూసినా ఎవరికీ ఏమీ కాదు.

ఆయన ఆగాడు. గంట గుండెకి పట్టుకుని కూతురి దగ్గరికి వెళ్ళాడు. రేపు పంచాయతీలో తనకి ఏం తప్పు వేస్తారో, ఊళ్ళో ఉండనిస్తారో లేదో, అవేవీ ఆయనకి పట్టలేదు.

“నా మొహం కూడా అలాగే కనపడుతుందా తల్లీ?” అని అడిగాడు.

“అలాగే కనపడుతుంది” అంది యయ్రా. “కానీ నీ మొహం నాకు తెలుసు నాన్నా. అద్దాలు తీసినప్పుడు ముందు నిన్నే చూశాను. జుట్టు నల్లగా ఉండేది. నువ్వు నవ్వుతున్నావు.”

అగ్బెకో చేతిలో గంట అలాగే ఉండిపోయింది. ఆఖరి దెబ్బ కొట్టాలని ఆయనకి గుర్తు రాలేదు. చీకటి పడుతున్నా ఊరంతా చెప్పుల్లేకుండా నిలబడే ఉంది.